లీటరుకు ఎన్ని మైళ్ళు? చిన్న మోటారు బోటు కొనేముందు వేసుకోవలసిన లెక్కలు

మా మిత్రుడొకడు సియాటెల్ పక్కన బెల్వ్యూలో ఉంటాడు. సొంతూరు కాకినాడ. నిరుడు వేసవిలో వాడికి బోటు కొనాలని బుద్ధి పుట్టింది. పెద్ద కోరికేం కాదు. నలుగురు కూర్చోవాలి, ఇద్దరు పడుకోవాలి, ఒక స్టవ్వు ఉండాలి. సియాటెల్‌ను ఆనుకుని ఉన్న ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలో తీరం వెంట తిరుగుతూ సెలవుల్లో ఉత్తరాన ఉన్న శాన్ వాన్ దీవుల దాకా వెళ్ళి రావాలి. ఆయిల్ మాత్రం తక్కువ తాగాలి. వీడియో కాల్‌లో ఈ సంగతి చెప్పగానే వాళ్ళ నాన్నగారు అడిగిన మొదటి ప్రశ్న: "మైలేజీ ఎంతిస్తుందిరా?"

వాడు అదే ప్రశ్న బోటు అమ్మే మనిషిని అడిగాడు. "గంటకు అర గ్యాలన్ నుంచి ఐదు గ్యాలన్ల దాకా తాగుతుంది" అన్నాడతను. అంటే పదింతల తేడా (గ్యాలన్ సుమారు 3.8 లీటర్లు). కారు అమ్మేవాడు ఇలాంటి జవాబు చెబితే మనం షోరూంలోంచి లేచి వచ్చేస్తాం. కానీ అతను దాచిందేమీ లేదు. బోటుకు ఒక మైలేజీ అంటూ ఉండదు. బోటు, ఇంజన్, ట్యాంకు ఏవీ మారకపోయినా, వెళ్ళే వేగాన్నిబట్టి లీటరుకు మూడు మైళ్ళు రావచ్చు, ముప్పావు మైలే రావచ్చు.

అందుకే బోటు కొనేవాళ్ళు ఇంజన్ బ్రోషర్లు తిరగేసే ముందు తమను తాము ఒకటి అడగాలి. నేను ఎంత నెమ్మదిగా వెళ్ళడానికి ఒప్పుకుంటాను? ఇది తేలితే బోటు సగం తేలినట్టే.

ఇక్కడి నుంచి మైలు అంటే నాటికల్ మైలు, 1.852 కిలోమీటర్లు. గంటకు ఒక నాటికల్ మైలు వేగాన్ని నాట్ అంటారు.

తన అలను తానే ఎక్కే బోటు

రోడ్డు మీద కారుకు గాలీ, టైర్ల రాపిడీ అడ్డం. నీళ్ళలో బోటుకు వాటికన్నా గట్టి శత్రువు, అది స్వయంగా లేపే అల. పాపికొండల లాంచీలో రెయిలింగ్ పట్టుకుని కిందికి చూసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ముక్కు దగ్గర ఒక అల లేస్తుంది, వెనకాల ఇంకొకటి. లాంచీ వేగం అందుకునేకొద్దీ ఆ రెండింటి మధ్య దూరం పెరుగుతూ పోతుంది.

లోతైన నీళ్ళలో అలకు ఒక నియమం ఉంది: పొడవైన అల వేగంగా, పొట్టి అల మెల్లగా కదులుతుంది. బోటు లేపిన అల బోటుతోపాటే నడవాలి కాబట్టి, బోటు వేగమే అల పొడవును నిర్ణయిస్తుంది. ఒక వేగం దగ్గర ఆ పొడవు సరిగ్గా బోటు పొడవుతో సమానం అవుతుంది. ముక్కు ఒక శిఖరం మీద, వెనకభాగం తర్వాతి శిఖరం మీద ఉంటాయి. ఇంకాస్త తోస్తే వెనక శిఖరం బోటును వదిలి వెనక్కి జారిపోతుంది. వెనకభాగం పల్లంలో కూర్చుంటుంది, ముక్కు ఆకాశం చూస్తుంది. అక్కడి నుంచి ఇంజన్ చేసే పనంతా బోటును దాని అల మీదికే ఎక్కించడం. ఎంత ఎక్కినా ఆ మెట్టు ముందుకు జరుగుతూనే ఉంటుంది.

ఆ హద్దును హల్ స్పీడ్ అంటారు. లెక్క తేలిక. నీటిని తాకే భాగం పొడవు అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణించాలి. 16 అడుగులకు 5.4 నాట్లు, 25 అడుగులకు 6.7, 36 అడుగులకు 8. పొడవు రెట్టింపుకు మించి పెరిగినా హద్దు రెండున్నర నాట్లే పెరిగింది చూడండి. ఓడల మీద నీటి నిరోధాన్ని చిన్న నమూనాలతో కొలవవచ్చని నిరూపించినవాడు విలియం ఫ్రూడ్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. 1872లో టోర్కీలో తన ఇంటి దగ్గర పొడవాటి నీళ్ళ తొట్టి కట్టి, అందులో నమూనాలను లాగి కొలిచాడు. నేటి ఓడల డిజైన్ అంతా ఆ తొట్టిలోంచి వచ్చిందే అనవచ్చు.

ఇప్పుడు మావాడు చూసిన రకం బోటునే తీసుకుందాం. నీటి దగ్గర పొడవు 25 అడుగులు, నింపిన బరువు మూడు టన్నులు, డీజిల్ ఇంజన్. ఇవి ఉజ్జాయింపు అంకెలే, బోటుబోటుకీ మారతాయి. 6 నాట్ల దగ్గర గంటకు రెండు లీటర్లు, అంటే లీటరుకు మూడు మైళ్ళు. 7.5 నాట్లకు లాగితే గంటకు ఆరు లీటర్లు, లీటరుకు మైలుంపావు. వేగం పెరిగింది పాతిక శాతం, తాగుడు మూడింతలు. ఇక ఇంజన్‌లో సత్తువ ఉండి, బోటు అడుగుభాగం చదునుగా ఉండి, బోటు తన అలను దాటి నీటి మీద జారడం మొదలుపెడితే, 16 నాట్ల దగ్గర గంటకు ఇరవై లీటర్లు. లీటరుకు 0.8 మైలు.

ఇందులో నాకు ఆసక్తిగా అనిపించేది చివరి అంకె కాదు, మధ్యది. ఏడున్నర నుంచి పదహారుకు వెళ్తే వేగం రెట్టింపు దాటింది, మైలుకు అయ్యే ఖర్చు మాత్రం రెట్టింపైనా కాలేదు. అంటే హల్ స్పీడ్ దాటాక, జారుడు మొదలయ్యేముందు ఉన్న ఎనిమిది నుంచి పదకొండు నాట్ల జాగా ఉంది చూశారూ, అది రెంటికీ చెడ్డ రేవడి. వేగమూ రాదు, పొదుపూ రాదు. ముక్కు పైకి లేచి ముందేముందో కనిపించదు. వెనకాల లేచిన పెద్ద అల పక్కన లంగరు వేసుకున్నవాళ్ళ కాఫీ ఒలకబోస్తుంది. అయినా చాలామంది నడిపేది సరిగ్గా అక్కడే. ఆరు నాట్లు మరీ నత్తనడకగా అనిపిస్తుంది, పదహారు భయంగా అనిపిస్తుంది, వేగం పెంచే మీట (థ్రాటిల్) మధ్యలో ఆగుతుంది.

ఉప్పాడలో ఎప్పుడో తేల్చేసిన సంగతి

మావాడు పుట్టిన ఊరికి కూతవేటు దూరంలోనే ఈ సమస్యకు ఒక జవాబుంది. ఉప్పాడ ఒడ్డున ఇసుక మీద ఉండే ఫైబర్ పడవలను గమనించండి. పొడవు ఎనిమిది, తొమ్మిది మీటర్లు. వెడల్పు చాలా తక్కువ. పది హార్స్‌పవర్ చుట్టుపక్కల చిన్న డీజిల్ ఇంజన్, పొడవాటి కడ్డీ, దాని చివర ప్రొపెల్లర్. ఇంత చిన్న ఇంజన్‌తో మనుషులనూ వలలనూ మోసుకుంటూ కెరటాలు దాటి పోతాయి. సన్నటి, పొడవైన, తేలికైన పడవ నీటిని పక్కకు నెట్టాల్సింది తక్కువ, లేపే అలా చిన్నదే. దాంతో హల్ స్పీడ్ గోడ ఎత్తు తగ్గిపోతుంది. డీజిల్ ఖర్చు రోజువారీ కూలిలోంచి పోయేవాళ్ళకు వర్గమూలాలతో పని లేదు, పడవ ఆకారంలోనే లెక్క ఉంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ చిన్న చేపల పడవలవాళ్ళకు ఏళ్ళుగా చెబుతున్నదీ ఇదే: అన్నిటికన్నా ముందు వేగం తగ్గించండి, మిగతావి తర్వాత.

మరి విలాసానికి అమ్మే బోట్లు ఎందుకు అలా ఉండవు? రేవుల్లో అద్దె పొడవునుబట్టి కడతాం కాబట్టి. అడుగుకు ఇంత అని వసూలు చేస్తున్నప్పుడు, ఉన్న పొడవులోనే గదీ, బాత్రూమూ, వంటగదీ ఇరికించిన బోటే అమ్ముడుపోతుంది. అది పొట్టిగా, లావుగా, ఎత్తుగా తయారవుతుంది. నీటికి అక్కర్లేని లావు అంతా రేవు అద్దె పుణ్యమే. పాతకాలపు బోటు చూస్తున్నవాళ్ళకు నేను చెప్పేది ఇదొక్కటే: లోపలి సోఫాలు తర్వాత, ముందు రేవు గట్టు మీద నుంచి బోటు వెడల్పును పొడవుతో పోల్చి చూడండి.

మూడు రకాల మనుషులు, మూడు రకాల అడుగుభాగాలు

నిదానస్తుడికి గుండ్రటి అడుగు, వెనకవైపు పైకి వంపు తిరిగిన బోటు. నీళ్ళు ముందు విడిపోయి వెనక మెత్తగా కలుసుకుంటాయి. ఇరవై, ముప్పై హార్స్‌పవర్ డీజిల్ చాలు, అందులోనూ మామూలుగా వాడేది పదే. ఇంజన్ చిన్నది, ట్యాంకు చిన్నది, చప్పుడు తక్కువ. లోపం ఏమిటంటే పక్కనుంచి అల కొడితే ఉయ్యాలలా ఊగుతుంది. సముద్రం పడనివాళ్ళు ఇంట్లో ఉంటే ఇది ముందే ఆలోచించుకోవాలి.

తొందర ఉన్నవాడికి చదునైన అడుగు, తెగ్గొట్టినట్టుండే వెనకభాగం. ఇక్కడ నిరోధం బరువు చుట్టూ తిరుగుతుంది. ప్రతి వంద కిలోలూ లెక్కే. వాషింగ్టన్ రాష్ట్రంలోనే పుట్టిన సీ-డోరీ 22 ఈ కోవలో మంచి ఉదాహరణ. తేలిక బోటు, దాదాపు చదునైన అడుగు, వెనక బయట తగిలించే ఇంజన్, అంటే అవుట్‌బోర్డు. తక్కువ పవర్‌తోనే నీటి మీదికి లేస్తుంది, అవసరమైతే ఆరు నాట్లలో పొదుపుగానూ పోతుంది. కానీ ఎదురు కెరటం రాగానే ఆ చదును అడుగే దభీదభీమని కొడుతుంది. తేలికదనం కాగితం మీద బాగుంటుంది కానీ, నలుగురు తెలుగువాళ్ళు రెండు రోజులకు బయల్దేరితే రైస్ కుక్కరూ, పచ్చళ్ళ జాడీలూ, మూడు రకాల జంతికల డబ్బాలూ ఎక్కుతాయి. వాటిని బ్రోషర్‌లో ఎవరూ తూచి ఉండరు.

మధ్యరకం, ఓడలను లాగే టగ్ బోటు పోలికతో ఉండే సెమీ డిస్‌ప్లేస్‌మెంట్ బోట్లు, అంటే కొంత నీటిని తోస్తూ, కొంత నీటి మీదికి లేస్తూ పోయేవి. 1970ల చమురు సంక్షోభాల తర్వాత, 1980లో సియాటెల్‌లో నార్డిక్ టగ్ అనే 26 అడుగుల బోటు అమ్మకానికి వచ్చింది. చిన్న డీజిల్, ముద్దొచ్చే ఆకారం, తక్కువ తాగుడు. ఆయిల్ ధరలకు బెదిరిన జనానికి అది బాగా నచ్చింది. ఆ తర్వాత ఏళ్ళు గడిచేకొద్దీ ఇలాంటి బోట్లలోకి పెద్ద ఇంజన్లు వచ్చి చేరాయి. కొనేవాడికి ఆరు నాట్ల పొదుపూ, పదహారు నాట్ల ధైర్యమూ రెండూ కావాలి కదా. నిజానికి తుఫాను మబ్బు పట్టినప్పుడు పరుగెత్తి రేవు చేరగలగడం చిన్న విషయం కాదు. దానికి పెట్టే మూల్యం ఆ ఇంజన్ ఖరీదు, బరువు. ఎప్పుడో ఒకసారి వాడే వందా, నూట యాభై హార్స్‌పవర్‌ను ప్రతి ఆదివారమూ మోసుకు తిరగాలి.

పక్కపక్కన రెండు సన్నటి అడుగుభాగాలున్న పవర్ క్యాటమరాన్ వీటన్నిటికన్నా తెలివైన జవాబు. ప్రతి అడుగూ ఉప్పాడ పడవలా సన్నగా ఉంటుంది, రెండూ దూరంగా ఉండటంవల్ల ఊగదు. పన్నెండు నాట్ల దగ్గర మిగతావి ఆయాసపడుతుంటే ఇది హాయిగా పోతుంది. ఖరీదూ, రేవులో పట్టే జాగా మాత్రం భారీ.

ఇంజన్ వంతు

ఇంజన్‌కు చివరన జాగా ఇచ్చానంటే అది ముఖ్యం కాదని కాదు. అది చేయగలిగింది తక్కువ. డీజిల్ ఇంజన్ ఒక హార్స్‌పవర్‌ను గంటసేపు ఇవ్వడానికి సుమారు 0.2 లీటరు తాగుతుంది. ఫోర్ స్ట్రోక్ పెట్రోలు అవుట్‌బోర్డు 0.3 దగ్గర. పాత కార్బ్యురేటర్ టూ స్ట్రోక్ అయితే 0.4 పైమాటే, ఎందుకంటే సిలిండర్‌లోకి వచ్చిన పెట్రోల్లో కొంత కాలకుండానే పొగగొట్టంలోంచి పోతుంది. ఏ కంపెనీ ఇంజన్ తీసుకున్నా ఈ అంకెలు కొంచెం అటూ ఇటూ. మంచి ఇంజన్ వెతికి పది శాతం ఆదా చేస్తారు. ఒక నాట్ తగ్గిస్తే సగం ఆదా అవుతుంది.

డీజిల్‌కు ఒక షరతుంది. పెద్ద డీజిల్‌ను ఎప్పుడూ ఆరు నాట్ల నడకలోనే ఉంచితే సరిగ్గా వేడెక్కక మసి పడుతుంది. రోజుకో పది నిమిషాలు గట్టిగా పరుగెత్తించమని మెకానిక్కులు చెప్పేది అందుకే. అవుట్‌బోర్డుకు ఈ బాధ తక్కువ, పైగా వెనక నుంచి ఊడదీసి షాపుకు తీసుకుపోవచ్చు. ఇరవై రెండు, ఇరవై మూడు అడుగుల లోపు బోటుకు ఏడాదికి కొన్ని పదుల గంటలే నడుపుతారంటే నేనైతే ఫోర్ స్ట్రోక్ అవుట్‌బోర్డుకే ఓటేస్తాను. డీజిల్‌లో మిగిలే లీటర్లు దాని అదనపు ఖరీదును తీర్చేసరికి మన పిల్లలకు పెళ్ళిళ్ళవుతాయి.

అందరూ మర్చిపోయేది ప్రొపెల్లర్‌ను. నీటిని వెనక్కి తోస్తేనే బోటు ముందుకు పోతుంది. ఎక్కువ నీటిని మెల్లగా తోయవచ్చు, తక్కువ నీటిని విసురుగా తోయవచ్చు. మొదటిదాంట్లో శక్తి తక్కువ వృథా. వెడల్పైన తెడ్డుతో నింపాదిగా వేస్తే పడవ కదులుతుంది, గరిటె పట్టుకుని ఎంత గబగబా ఆడించినా కదలదు. అందుకే నిదానపు బోటుకు గేర్‌బాక్స్‌తో తిరుగుడు తగ్గించి పెద్ద ప్రొపెల్లర్ పెడతారు. చిన్న అవుట్‌బోర్డుల్లోనూ ఇందుకోసమే హై థ్రస్ట్ అనే రకం ఉంది. బరువైన బోటుకు మామూలు పది హార్స్‌పవర్ కన్నా అదే మేలు.

బోటు అడుగున పట్టే నాచూ, గుల్లలూ కూడా ఈ ఖాతాలోకే వస్తాయి. ఒక సీజన్ పట్టించుకోకపోతే ఆరు నాట్ల బోటు అయిదుకు దిగుతుంది, తాగేది మాత్రం తగ్గదు. రంగు వేయించడం, కడిగించడం ఖర్చనుకుని వాయిదా వేసేవాళ్ళు ఆ డబ్బును ఆయిల్ బంకులో కడుతున్నట్టే.

బ్యాటరీ బోటు గురించి అడిగేవాళ్ళు ఇప్పుడు ఎక్కువయ్యారు. లీటరు డీజిల్‌లోంచి ప్రొపెల్లర్ ఇరుసు దాకా చేరేది సుమారు 3 కిలోవాట్ అవర్లు. అంత శక్తి లిథియం బ్యాటరీలో మోయాలంటే ఇరవై కిలోలైనా బరువు. మన మూడు టన్నుల బోటు ఆరు నాట్లకు 6 కిలోవాట్లు అడుగుతుందనుకుంటే, 30 కిలోవాట్ అవర్ల బ్యాటరీ అయిదు గంటలు, 30 మైళ్ళు. అదే నాలుగున్నర నాట్లకు దిగితే అవసరం సగానికన్నా తగ్గి పది గంటలు దాటుతుంది, దూరం 50 మైళ్ళ వైపు పోతుంది. సియాటెల్ ఊళ్ళోని లేక్ యూనియన్ సరస్సులో సాయంత్రం షికారుకు భేషుగ్గా ఉంటుంది. దీవుల దాకా అంటే ఛార్జింగ్ ఎక్కడన్న టెన్షన్‌తో నడపాలి.

సముద్రం కూడా కదులుతుంది

ప్యూజెట్ సౌండ్ పేరుకు లోపలి నీళ్ళే కానీ ఆటుపోట్ల వేగం మామూలుగా ఉండదు. డిసెప్షన్ పాస్ అనే ఇరుకు సందులో పోటు మీదున్నప్పుడు నీరు 8 నాట్ల దాకా పరుగెడుతుంది. అక్కడ ఆరు నాట్ల బోటు పూర్తి థ్రాటిల్‌లో ఉండి కూడా వెనక్కి పోతుంది. సియాటెల్ నుంచి దీవులకు దారైన అడ్మిరల్టీ ఇన్లెట్‌లోనూ మూడు, నాలుగు నాట్లు మామూలే.

ఇప్పుడు మైలేజీ లెక్క మళ్ళీ చేద్దాం. నీళ్ళలో ఆరు నాట్లు, ఎదురు ప్రవాహం మూడు. నేల మీద పోయేది మూడే. గంటకు రెండు లీటర్లు అలాగే ఖర్చు, లీటరుకు మైలున్నరే మిగిలింది. అదే ప్రవాహం వెనకనుంచి తోస్తే తొమ్మిది నాట్లు, లీటరుకు నాలుగున్నర మైళ్ళు. ఒకే బోటు, ఒకే రోజు, ఆరు గంటల తేడాలో మైలేజీ మూడింతలు మారింది. ఏ ఇంజన్ కంపెనీ ఇవ్వలేని పొదుపు ఇది, కావలసింది ఆటుపోట్ల పట్టికా, కాస్త ఓపికా. నిదానపు బోటువాళ్ళు తెల్లవారుజామున నాలుగింటికే లేచి లంగరు ఎత్తేది అందుకే. సియాటెల్ నుంచి ఆ దీవుల్లోని ఫ్రైడే హార్బర్‌కు సుమారు 65 మైళ్ళు. ఆరు నాట్లలో పదకొండు గంటల ప్రయాణం, ఇరవై రెండు లీటర్లు. మధ్యలో పోర్ట్ టౌన్‌సెండ్‌లో రాత్రి ఆగితే రెండు రోజుల హాయి. పదహారు నాట్లలో నాలుగు గంటలు, ఎనభై లీటర్లు.

ఇదే బోటును మన తీరానికి తెస్తే ఎంపిక మారిపోతుంది. విశాఖ నుంచి కాకినాడకు సముద్రం మీద 75 మైళ్ళ దాకా ఉంటుంది. మధ్యలో చాటుకు దీవులు లేవు. కనిపించేవి ఎక్కువగా ఇసుక ఒడ్డు మీదికి పడవలను లాగే రేవులూ, పూడుకుపోయే నదుల మొగలూ. మొగ దగ్గర అల విరుగుతున్నప్పుడు లోపలికి రావడం ఆ ఊరి జాలరికి తెలిసిన విద్య, వారాంతపు సరంగుకు కాదు. తీరం వెంట ప్రవాహం కూడా కాలాన్నిబట్టి దిశ మారుస్తుంది. మార్చి, ఏప్రిల్‌లో ఉత్తరానికి బలంగా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి. అక్టోబరు, నవంబరు అంటే తుఫాన్ల కాలం కూడా, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఏం చేసిందో చెప్పనక్కర్లేదు. జనవరి నుంచి మార్చి వరకు కొంత నెమ్మది. అల ఎత్తూ, గాలీ, ప్రవాహమూ ముందుగా చెప్పేది హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ. సముద్రం లేని ఊళ్ళో కూర్చుని సముద్రం సంగతి చెబుతారని నవ్వుకుంటాం కానీ, బయల్దేరేముందు చూడాల్సింది దాన్నే. ఆపదలో కోస్ట్‌గార్డు నంబరు 1554. ఇలాంటి తీరంలో నేను కొన్ని లీటర్లు ఎక్కువ తాగినా సరే, ముక్కు ఎత్తుగా, పదునుగా ఉండి పన్నెండు నాట్లు పరుగెత్తగల బోటునే కోరుకుంటాను.

యూరప్‌లో అమ్మే బోట్లకు ఎ, బి, సి, డి అని తరగతులుంటాయి. తీరం వెంట తిరగడానికి ఉద్దేశించిన సి తరగతి అంటే గాలి బలాన్ని చెప్పే బోఫోర్ట్ స్కేల్‌పై 6 స్థాయి గాలికీ, రెండు మీటర్ల అలకూ తట్టుకోవాలని. డి తరగతి చెరువులకూ, కాలువలకూ. పొదుపు చేద్దామని డి బోటును సముద్రంలోకి దించే పని పెట్టుకోవద్దు. ట్యాంకు విషయంలో పాతకాలపు సూత్రమొకటి ఇప్పటికీ చెల్లుతుంది. మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మిగిలిన మూడో వంతు ముట్టుకోకూడదు. ప్యూజెట్ సౌండ్ నీళ్ళు వేసవిలో కూడా ఎముకలు కొరికే చలి, పడితే ఈత వచ్చినా చేతులు నిమిషాల్లో కొంకర్లు పోతాయి. లైఫ్ జాకెట్ సీటు కింద కాదు, ఒంటి మీద ఉండాలి.

అసలు డబ్బు ఎక్కడ పోతుంది

ఇంతా చెప్పి ఒక సంగతి ఒప్పుకోవాలి. మావాడి లాంటి ఉద్యోగస్తుడు ఏడాదికి 360 మైళ్ళు తిరుగుతాడనుకోండి. ఆరు నాట్లలో అయితే 120 లీటర్లు, అంటే 32 గ్యాలన్లు. పదహారు నాట్లలో 450 లీటర్లు, 119 గ్యాలన్లు. గ్యాలన్ అయిదు డాలర్లు అనుకుంటే తేడా 435 డాలర్లు. రేవు అద్దె అడుగుకు నెలకు 15 డాలర్లు వేసుకుంటే 25 అడుగుల బోటుకు నెలకు 375. ఏడాది పొడవునా నత్తలా పాకి మిగుల్చుకున్నది ఇంచుమించు ఒక నెల అద్దె!

కాబట్టి పొదుపును లీటర్లలోనే వెతికేవాడు తప్పు చోట వెతుకుతున్నాడు. నిదానపు బోటు మిగిల్చేది కొన్నప్పుడు ఇంజన్ ఖరీదులో, తర్వాత సర్వీసు బిల్లుల్లో. తేలిక బోటు మిగిల్చేది ఇంకా ఎక్కువ. అమెరికా రోడ్ల మీద పర్మిట్ లేకుండా లాగాలంటే వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు దాటకూడదు. ఆ లోపు వెడల్పుండి, ఇంట్లో ఉన్న పికప్ లాగగలిగే బరువుంటే బోటు ఇంటి ముందే ఉంటుంది, రేవు అద్దె సున్నా. పైగా ట్రైలర్ మీద ఉన్న బోటు హైవే మీద గంటకు అరవై రోడ్డు మైళ్ళ వేగంతో దీవుల దగ్గరికి పోతుంది, అంత వేగం ఏ ప్రొపెల్లర్ ఇస్తుంది? దీవులకు దగ్గరి రేవు ఊరైన అనకోర్టిస్ దాకా రోడ్డు మీద లాగి, అక్కడ నీళ్ళలోకి దించి, చివరి ఇరవై మైళ్ళు ఆరు నాట్లలో తిరిగేవాళ్ళు నా దృష్టిలో అందరికన్నా తెలివైనవాళ్ళు.

మావాడు చివరికి ట్రైలర్ బోటు దారే పట్టాడు. ఇరవై రెండు అడుగుల పాతది, ఫోర్ స్ట్రోక్ అవుట్‌బోర్డు. డబ్బు కట్టేముందు నీళ్ళలో నడిపి చూశాం. ముందు ఫుల్ థ్రాటిల్. కంపెనీ రాసిన గరిష్ఠ ఆర్‌పీఎమ్‌కు (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) అయిదు వందలు తక్కువ వచ్చింది. అంటే ప్రొపెల్లర్ పిచ్ (ఒక చుట్టులో అది ముందుకు పోవాల్సిన దూరం) ఎక్కువైనా కావాలి, అడుగైనా మురికి పట్టాలి. పైకి లాగి చూస్తే రెండూ ఉన్నాయి. పిచ్ అంగుళం తగ్గిస్తే నూట యాభై, రెండు వందల ఆర్‌పీఎమ్ పెరుగుతాయని లెక్క వేసి, ఆ ప్రొపెల్లర్ ఖరీదూ, అడుగు కడిగించే ఖర్చూ ధరలోంచి తగ్గించమన్నాం. కొంత గొణిగి తగ్గించాడు. తర్వాత ప్రతి అయిదు వందల ఆర్‌పీఎమ్ దగ్గర జీపీఎస్ వేగం రాసుకున్నాం, ఒకసారి అటు, ఒకసారి ఇటు. రెండిటి సగటు తీస్తే ప్రవాహం ప్రభావం కొట్టుకుపోతుంది. ఇంజన్ డిస్‌ప్లేలో గంటకు ఎంత పోతోందో పక్కన వేసుకుని భాగించాం. అయిదున్నర నాట్ల దగ్గర లీటరుకు మూడు మైళ్ళు తేలింది. అంతకు మించి ఏడు దగ్గరికి వెళ్ళగానే అంకె కుప్పకూలింది.

ఆ రాత్రే కాకినాడకు ఫోను. మూడు నాటికల్ మైళ్ళంటే నాన్నగారికి అర్థం కాదని కిలోమీటర్లలోకి మార్చి చెప్పాడు: "లీటరుకు అయిదున్నర, నాన్నా."

అవతల కాసేపు నిశ్శబ్దం. "అయిదున్నరేంట్రా, మన పాత అంబాసిడర్ నయం కదరా!"